అవతలి ఊపిరి

దమయంతికి అన్నిటికంటే పెద్ద భయం, కొడుకు నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడని. తల్లులందరికీ ఉండే ఉత్తుత్తి భయం కాదిది. నందు పుట్టిన మర్నాడు డాక్టరు కూర్చోబెట్టి చెప్పిన మాట. మెలకువగా ఉన్నంతసేపూ వాడు అందరి పిల్లల్లాగే ఊపిరి తీసుకుంటాడు, ఏడుస్తాడు, కేరింతలు కొడతాడు. కళ్ళు మూతపడితే మాత్రం, లోపల ఎవరో స్విచ్చి కట్టేసి వెళ్ళిపోయినట్టు, ఛాతీ కదలడం ఆగిపోతుంది.

అలాంటి పిల్లవాడు బోర్లాపడి, పాకి, ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడంటే కారణం కిటికీ పక్కన మేకుకి వేలాడుతున్న పెట్టె. దాన్ని తోడు పెట్టె అంటారు. దాని మీద ఎప్పుడూ ఒక ఆకుపచ్చ దీపం వెలుగుతుంటుంది. ఆ ముసురు పట్టిన ఉదయం, నందుకి నీళ్ళు పోసి పడుకోబెట్టిన కాసేపటికి, ఆ దీపం పసుపు రంగుకి తిరిగింది. దాని కింద చిన్న తెర మీద అక్షరాలు వచ్చాయి: కనెక్షన్ నెమ్మదిగా ఉంది.

దమయంతి ముందు పిల్లవాణ్ణి ఎత్తుకుని అరికాలు గట్టిగా రుద్దింది. వాడు ఉలిక్కిపడి లేచి రాగం అందుకున్నాడు. ఆ ఏడుపు విన్నాక గానీ ఆమె రూటర్ స్విచ్చి మీద చెయ్యి వెయ్యలేదు. వాడు నిద్రలో ఉండగా నెట్ ఆపడమంటే వాడి ముక్కు మూసినట్టే. ఆపి, మళ్ళీ వేసి, దీపాలన్నీ వచ్చేదాకా నిలబడి, వాణ్ణి మళ్ళీ జోకొట్టింది. వాడు పడుకున్నాడు. దీపం మళ్ళీ పసుపు రంగే.

రేవులో హెల్పరు పని చేసే మొగుడు ఢిల్లేశ్వరరావుకి ఫోన్ చేసింది.

"ఏవండీ, పసుపొచ్చీసింది."

"ఆపి మళ్ళీ ఎయ్యి."

"ఏసీసాను. రెండుసార్లు."

"పెట్టె దగ్గర ఏటైనా అడ్డం ఉందేమో చూడు. నీ స్టీలు డబ్బాలన్నీ ఆ పక్క గూట్లోనే పెడతావు గదా."

"డబ్బాలు ఎప్పుడో తీసీసాను."

"మరైతే కిందోళ్ళు వీడియోలు చూస్తన్నారు. ఎల్లి ఆపమను. నాకు క్రేనొచ్చింది, ఉంటాను."

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు నరసమ్మ కూడా ఇదే నెట్ వాడుతుంది. దమయంతి పిల్లవాణ్ణి భుజాన వేసుకుని మెట్లు దిగేసరికి ఆవిడ టీవీలో ఎవరో గుత్తి వంకాయ వండుతున్నారు.

"నా వంకాయి కూర నీ కొడుకు ఊపిరికి అడ్డొచ్చిందేటే?" అంది నరసమ్మ. అంటూనే రిమోట్ వెతికి టీవీ కట్టేసింది. ఫోన్ కూడా ఆపేసి పప్పుల డబ్బా వెనక పెట్టింది. "ఈయాల ముట్టుకుంటే ఒట్టు. పో, పడుకోబెట్టుకో."

దమయంతి పైకి వచ్చి చూసింది. పసుపు.

ఇక నెట్ లైను చూసే గౌరీసుకి ఫోన్ చెయ్యక తప్పలేదు. అతను రెయిన్‌కోటు నీళ్ళు కారుస్తూ వచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, స్తంభం నుంచి గోడదాకా వచ్చిన వైరు చూశాడు, కొస కత్తిరించి కొత్త పిన్ను వేశాడు. తర్వాత ఫోన్‌లో స్పీడు కొలిచి తెర ఆమె ముందు పెట్టాడు.

"అక్కా, నా లైను మీద నింద ఎయ్యకండి. ఈ స్పీడుకి మీరు ఇంట్లో సినిమా హాలు ఎట్టుకోవచ్చు."

"మరి పసుపెందుకు తమ్ముడూ?"

"అది ఆ పెట్టెనే అడగాలి. ఆ పెట్టె ల్యాబోళ్ళది. మా కంపెనీది కాదు."

అతను బయటికి వెళ్ళి వైరు మళ్ళీ మేకులకి బిగిస్తున్నాడు. దమయంతి పిల్లవాడి పక్కన చాప మీద కూర్చుంది. వాడు మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. ఆమె వాడి పొట్ట మీద చెయ్యి వేసింది.

ల్యాబ్ కొండ మీద ఉంటుంది, ఊరికి ఆ చివర. నందు పురిటి స్నానం కాకముందే అక్కడికి తీసుకెళ్ళారు. వాడి మెడ దగ్గర చర్మం కింద గోరంత బిళ్ళ పెట్టారు. అది చిన్నగా చురుకు పుట్టిస్తే పొట్టలో ఊపిరి కండరం కదులుతుంది. ముందు మిషన్‌తో ప్రయత్నించారు. గడియారంలా ఒకే తీరుగా కొట్టే చురుకుకి పిల్లవాడి ఒళ్ళు తొందరగా అలవాటు పడిపోయి పట్టించుకోవడం మానేసింది. ఎవరిదో ఊపిరి రికార్డు చేసి పంపారు. దాన్నీ పసిగట్టేసింది. అప్పుడు తేలింది, బతికున్న మనిషి అప్పటికప్పుడు తీసే ఊపిరి అయితేనే వాడి ఒళ్ళు వింటుందని. బతికున్న ఊపిరి ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదట. అందుకే దానికి అలవాటు పడడం ఒంటి వల్ల కాదట.

ముందు తల్లిదే చూశారు. దమయంతి ఛాతీకి ఊపిరి కొలిచే పటకా కట్టి, పడుకోమని, పక్క ఉయ్యాల్లో నందుని ఉంచారు. ల్యాబులో పనిచేసే మృణాళిని మేడమ్ గీతల కాగితం చూసి నెమ్మదిగా చెప్పింది: "మీది పనికిరాదు దమయంతి గారూ. మీరు పడుకోవడం లేదు, వాడి ఊపిరి వినడానికి మీ ఊపిరి బిగబట్టేస్తున్నారు. మీరు ఆపితే వాడూ ఆపుతాడు."

ఆ మాట ఆమె గుండెలో ఇంకా ముల్లులా ఉంది. తొమ్మిదో తరగతిలో బడి మానిపించినప్పుడు కూడా పనికిరావని ఎవరూ మొహం మీద అనలేదు.

ఢిల్లేశ్వరరావుది గురక. దాంతో ఆయనా కుదరలేదు. చివరికి బయటివాళ్ళని వెతికారు. రాత్రికి ఒకరు, పగలు కునుకులకి ఒకరు. పగలు పడుకునేవాళ్ళెవరు? రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళు. ఆ మనుషుల మంచం పక్కన ఒక పెట్టె, ఛాతీకి ఒక పటకా. వాళ్ళు పడుకుంటే ఇక్కడ నందు పడుకుంటాడు. మరీ దూరమైతే ఊపిరి ఆలస్యంగా వస్తుందని ఈ చుట్టుపక్కల వాళ్ళనే ఎంచారని చెప్పారు. ఎవరో ఏ వీధో మాత్రం చెప్పరు. మునుపు ఒక తండ్రి తోడు మనిషి ఇల్లు కనుక్కుని, పళ్ళబుట్టతో మొదలుపెట్టి, చివరికి ఆ మనిషి బయటికి కదిలితే చాలు గొడవపడేదాకా వచ్చాడట. అప్పటినుంచి ఆ కట్టుబాటు.

నందు పొట్ట లేచింది. దమయంతి చెయ్యి దానితోపాటు లేచింది. పొట్ట దిగింది. మళ్ళీ లేవడం కోసం ఆమె ఎదురుచూసింది. ఎదురుచూసింది. లేచింది.

ఆమె మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నెట్ నెమ్మదించిన రోజులు ఆమెకి తెలుసు. పోయిన తుఫానులో చూసింది. అప్పుడు ఊపిరి ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆగుతుంది, ఆగినవన్నీ ఒక్కసారి తోసుకొస్తాయి, పిల్లవాడు ఉలిక్కిపడతాడు. ఇది అలా లేదు. ఎక్కడా తెగలేదు. మెత్తగానే వస్తోంది. కానీ ఒకదానికి ఒకటి దూరం జరుగుతోంది. మెట్లెక్కే ముసలిమనిషి ప్రతి మెట్టు దగ్గరా కాస్త ఎక్కువసేపు నిలబడుతున్నట్టు ఉంది.

దమయంతి నందుని లాక్కుని లేపేసింది. వాడు ఏడ్చాడు. అలా ఏడుస్తున్నవాణ్ణి చంకనేసుకునే మృణాళినికి ఫోన్ చేసింది.

"మేడమ్, నెట్ బానే ఉంది. అవతల మనిషికే ఏదో అయింది."

మృణాళిని గొంతు తగ్గించింది. "పొద్దున్నించి నాకూ అదే అనుమానంగా ఉంది. సార్‌కి చెప్పాను. మా ప్రోగ్రాములో ఊపిరి ఆలస్యమైతే అది నెట్ వల్లే అని రాసి ఉంది. ఇంకో కారణం ఉండొచ్చని ఎవరూ అనుకోలేదు. ఉండండి, సార్‌కి ఇస్తాను."

ల్యాబ్ నడిపే దివాకర్ సార్ గొంతు ఎప్పటిలాగే నింపాదిగా వినిపించింది. "చూడమ్మా, మీ బాబు మా బాధ్యత. సాయంత్రానికి కొత్త తోడు కలుపుతాం. అప్పటిదాకా నిద్రపోనివ్వకండి. అంతే."

"ఆ మనిషి సంగతి ఎవరు చూస్తారు సార్?"

"ఫోన్ చేశాం, ఆపేసి ఉంది. పడుకునేముందు ఫోన్ ఆపమని మేమే చెప్తాం కదా. ఆ వైపు లైను చూడటానికి మనిషిని పంపమని కంపెనీకి చెప్పాం."

"లైను కాదు సార్ అది."

"అది మేం చూసుకుంటాంగా," అని ఆయన పెట్టేశాడు.

దమయంతి గది మధ్యలో నిలబడిపోయింది. పిల్లవాడు కళ్ళు నులుముకుంటున్నాడు. సాయంత్రం దాకా వీణ్ణి మేల్కొలిపి ఉంచితే చాలు. తలుపేసుకుని, పాటలు పాడి, బొమ్మలాడించి, చెంపల మీద నీళ్ళు చల్లి ఎలాగో ఉంచొచ్చు. ఆ మనిషి ఎవరో ఏమో. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఆ హాయికే ఆమెకి భయమేసింది. ఇన్నాళ్ళ పగటి నిద్రలన్నిటిలో వీడి పొట్ట మీద చెయ్యేసి తను లెక్కపెట్టుకున్నది ఎవరి ఊపిరి?

ఫోన్ మోగింది. మృణాళిని. మెట్ల దగ్గర్నుంచి మాట్లాడుతున్నట్టు గొంతు గుంయ్‌మంటోంది.

"దమయంతి గారూ, నేను బయల్దేరాను. ఈ వానలో కొండ దిగి అక్కడికి రావడానికి చాలాసేపు పడుతుంది. మీకు పక్కనే. పేరు నూకరత్నం. రొయ్యల కంపెనీలో రాత్రి డ్యూటీ. ఒక్కతే ఉంటుంది. ఎవరినైనా పంపగలరా?"

వీధి పేరు చెప్పింది. దమయంతి బయటికి పరుగెత్తింది. గౌరీసు అప్పుడే బండి స్టార్ట్ చేస్తున్నాడు.

"తమ్ముడూ, ఆగు. నన్ను తీసుకెళ్ళు."

సంగతి విని అతను వాన వైపు, పిల్లవాడి వైపు చూశాడు. "బాబుని కింద మామ్మగారికి ఇచ్చి రండి అక్కా."

ఇవ్వలేకపోయింది. నరసమ్మ మంచిదే. కానీ ఆవిడ ఒళ్ళో ఏ పిల్లవాడైనా చిటికెలో నిద్రపోతాడు. ఆ పెద్ద మెత్తని ఒడిని తలుచుకుని దమయంతి పిల్లవాణ్ణి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "నాతోనే ఉండాలి వీడు," అంది.

గౌరీసు తన రెయిన్‌కోటు విప్పి ఆమెకిచ్చాడు. బండి గతుకుల్లో పడిలేస్తోంది. నందుకి బండి అంటే జోలే. మలుపు తిరగ్గానే వాడి తల బరువెక్కి ఆమె భుజానికి ఆనింది. ఇంటి బయట పెట్టె లేదు, తోడు లేదు. ఇక్కడ నిద్రపోతే ఇక అంతే.

"నందూ. ఒరే నందూ. అదిగో లారీ చూడు, ఎర్ర లారీ."

వాడి రెప్పలు దిగిపోతున్నాయి. ఏ తల్లీ చెయ్యని పని చేసింది దమయంతి. పిల్లవాడి మొహం మీంచి రెయిన్‌కోటు తీసేసి వానకి ఎదురుగా తిప్పింది. చినుకులు మొహం మీద చెళ్ళున పడగానే వాడు నోరు తెరిచి గుక్కపట్టాడు. సైకిల్ మీద పోతున్న ఒకాయన చూసి అరిచాడు: "ఏటమ్మా, నీకు బుద్ధుందా? పసిగుంటడికి వాన కొడతంది."

"ఉంది బాబూ," అంది దమయంతి ఎవరికీ వినపడకుండా. గుక్క తిరిగి వాడు ఆఁ అని ఏడ్చేదాకా ఆమె ఊపిరి కూడా ఆగే ఉంది.

రేకుల ఇళ్ళ వరస. అందరి తలుపులూ తీసే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ తలుపు మీద సుద్దతో రాసి ఉంది: నైట్ డ్యూటీ, లేపవద్దు. పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలామె వేలు పెదాల మీద పెట్టింది.

"ఉష్. ఆ గుంటడి నోరు ముయ్యించమ్మా. రత్నం పడుకుంది. రాత్రంతా మంచులో రొయ్యలు ఒలిచి వచ్చింది పాపం. మా ఇంట్లో రేడియో కూడా ఎట్టలేదు ఈయాల."

"లేపాలి మామ్మా."

"అదేటి మాట? మా వీధిలో రత్నాన్ని పగలు లేపినోళ్ళు లేరు. పిల్లలు కూడా ఆ పక్క ఆడుకోరు. సాయంత్రం రా."

దమయంతి తలుపు దబదబా బాదింది. ముసలామె లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "సిగ్గులేదా నీకు?" నందు ఏడుపు వీధంతా వినిపిస్తోంది. ఆ ఏడుపుకి ఎవరైనా లేచి తిట్టాలి. లోపల్నుంచి తిట్టు రాలేదు.

గౌరీసు కిందికి వంగి చూశాడు. తలుపు కింది సందులో లోపల్నుంచి పాత చీర కుక్కి ఉంది. కిటికీ రెక్కల సందుల్లోనూ గుడ్డలే. వెలుతురు, చప్పుడు రాకుండా పగలు పడుకునేవాళ్ళు చేసుకునే ఏర్పాటు. అతను ఇంకేమీ అడగలేదు. బండి పెట్టెలోంచి ఇనప రాడ్డు తెచ్చి గడియ దగ్గర పెట్టి ఎత్తాడు. ముసలామె కేకలు వేస్తుండగానే తలుపు ఊడి వచ్చింది.

లోపల పొగ లేదు. వేడి గాలి ముద్దలా బయటికి వచ్చింది. నేల మీద బొగ్గుల కుంపటి ఎర్రగా ఉంది. దాని మీదుగా కట్టిన తాడుకి నీలం రంగు డ్యూటీ కోటు, తెల్ల టోపీ ఆరేసి ఉన్నాయి. ముసురు పట్టిన వారమంతా బట్టలు ఆరక, రాత్రి డ్యూటీకి పొడి కోటు కావాలని, కుంపటి పెట్టుకుని తలుపులు బిడాయించుకుంది ఆ మనిషి. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఛాతీకి పటకా. తల దగ్గర పెట్టె మీద పసుపు దీపం.

గౌరీసూ ముసలామే కలిసి మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. "రత్నం, ఓలె రత్నం," అంటూ ముసలామె చెంపలు కొడుతోంది. పలుకు లేదు. గౌరీసు అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు. తొందరలో అంకెలు తప్పుగా నొక్కి మళ్ళీ నొక్కాడు.

దమయంతి ఏడుస్తున్న కొడుకుని ఒక చంకలో ఇరికించుకుని, ఇంకో చేత్తో నూకరత్నం పొట్ట తాకింది. లేచింది. దిగింది. దిగి అక్కడే ఉండిపోయింది. ఆమె ఎదురుచూసింది.

మొహం కొత్త. జబ్బ మీద పచ్చబొట్టు కొత్త. నీళ్ళలో నాని తెల్లగా పగిలిన వేళ్ళు కొత్త. ఈ ఊపిరి మాత్రం ఆమెకి తెలుసు. లేచేముందు ఒక చిన్న తడబాటు, దిగేటప్పుడు చివర్న ఒక సాగదీత. ఇన్నాళ్ళూ అది నందుదే అనుకుంది.

"తియ్యండమ్మా," అంది ఆ చెవిలో. "మళ్ళీ తియ్యండి. నేను పక్కనే ఉన్నాను, తియ్యండి."

లేచింది.

నందు ఏడుపు ఆపాడు. అలసిపోయాడు. తడి జుట్టు నుదుటికి అంటుకుని, తల ఆమె మెడ మీదికి వాలిపోతోంది. ఆమెకి ఉన్నవి రెండు చేతులే. ఒక చెయ్యి తీస్తే ఇటు, రెండోది తీస్తే అటు. "మామ్మా, వీణ్ణి పట్టుకోండి. నిద్రపోనివ్వద్దు. గిల్లండి, కొట్టండి, ఏం చేసినా సరే నిద్రపోనివ్వద్దు," అని మొదటిసారి కొడుకుని పరాయి చేతుల్లో పెట్టింది. ముసలామెకి ఏమీ అర్థం కాలేదు. అయినా పిల్లవాణ్ణి తీసుకుని, చూరు నీళ్ళ కింద వాడి కాళ్ళు పెట్టి ఆడించింది. అంబులెన్సు వచ్చేదాకా దమయంతి ఆ పొట్ట మీద చెయ్యి తియ్యలేదు, ఒక్కొక్క ఊపిరినీ పేరు పెట్టి పిలిచినట్టు పిలుస్తూనే ఉంది.

నూకరత్నం బతికింది. కళ్ళు తెరిచి మొదట అడిగింది డ్యూటీకి వేళయిందా అని. బొగ్గుల్లోంచి వచ్చే గాలికి రంగూ వాసనా ఉండవని, నిద్రలో ఉన్న మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. ఇంకాసేపు అయితే అందేది కాదన్నాడు. ఆమె ఊపిరి ఇక తోడుకి పనికిరాదన్నారు. దమయంతి చూడ్డానికి వెళ్తే, నందుని పరాయి పిల్లవాణ్ణి చూసినట్టే చూసి, "వీడేనా నా పగటి నిద్రలో వాటాదారు?" అని బుగ్గ గిల్లింది. ఇద్దరూ ఏడ్చారు, దేనికో చెప్పుకోలేదు.

కట్టుబాటు తప్పినందుకు మృణాళినిని ల్యాబ్‌లో వేరే పనికి మార్చేశారు. ప్రోగ్రాములో కొత్త వాక్యం చేర్చామని దివాకర్ సార్ చెప్పాడు. ఇప్పుడు దీపం పసుపైతే తెర మీద రెండు కారణాలు కనిపిస్తాయట. అవతల మనిషిని ఎవరు వెళ్ళి చూస్తారన్నది మాత్రం ఇంకా ఆలోచిస్తున్నారట.

నందుకి కొత్త తోడు కలిపారు. ఎవరో చెప్పలేదు. అడిగితే, పళ్ళబుట్ట తండ్రి సంగతి మళ్ళీ చెప్పారు. అదీ నిజమే అనిపించి దమయంతి గట్టిగా అడగలేకపోయింది. మధ్యాహ్నాలు కొడుకు పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చుంటుంది. ఈ ఊపిరి బరువైంది, నింపాదిగా వస్తుంది, ఉండుండి ఒక నిట్టూర్పు విడుస్తుంది. ఆడమనిషో మగమనిషో, ఏ మిల్లులోనో ఏ ఆసుపత్రిలోనో రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి. దూరం కాదని మాత్రం తెలుసు. ఆ నిట్టూర్పు కాస్త పొడుగైనా ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి వీధులన్నీ చూస్తుంది, ఏ తలుపు తట్టాలో తెలియక.

అందుకని మీరు ఒక పని చెయ్యండి. మీ పక్క వాటాలోనో, మీ వీధి చివర గదిలోనో రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే మనిషి ఉంటే, ఇవాళ ఒకసారి వెళ్ళి తలుపు తట్టండి. పాపం లేపడం ఎందుకనిపిస్తుంది. అయినా తట్టండి. లేచి తిడితే తిట్టించుకుని వచ్చేయండి. పలక్కపోతే మాత్రం అక్కణ్ణుంచి కదలకండి.